విశాఖ మన్యం: కొండలు, ఏజెంటు కోర్టులు, గ్రామసభలు

విశాఖపట్నం తీరం నుంచి పడమరగా సాగితే వరి పొలాలు, చెరకు తోటలు ముగిసే చోట తూర్పు కనుమలు మొదలవుతాయి. ఆ కనుమల పైభాగంలో, ఒడిశా సరిహద్దు వరకు విస్తరించిన ప్రాంతాన్ని విశాఖ మన్యమని, విశాఖ ఏజెన్సీ అని పిలుస్తారు. దీనికి పరిపాలనా కేంద్రం పాడేరు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు విశాఖపట్నం, తూర్పు గోదావరి జిల్లాల ఏజెన్సీ ప్రాంతాలను కలిపి 22 మండలాలతో అల్లూరి సీతారామరాజు జిల్లాను ఏర్పాటు చేసి, పాడేరును కేంద్రంగా ప్రకటించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆనాటి జిల్లా పరిధిలోని జనాభా దాదాపు 9 లక్షల 54 వేలు. వైశాల్యం 12 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది.

ఈ వ్యాసం ప్రధానంగా పాడేరు డివిజన్‌కు చెందిన 11 మండలాలను గురించి వివరిస్తుంది. అవి పాడేరు, అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు, పెదబయలు, హుకుంపేట, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు. భూమి వివాదాలను విచారించే అధికారి, పన్ను వసూలు చేసే యంత్రాంగానికి అధిపతి ఒకరే కావడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. ఈ ఏర్పాటుకు 1839 నాటి చట్టం మూలం. దాని ప్రభావం నేటికీ ప్రతి గిరిజన కుటుంబపు సాగుభూమి మీద ఉంది.

భౌగోళిక స్వరూపం

మన్యం మధ్యభాగం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న పీఠభూమి. దాని చుట్టూ కొండలు, వాటి నడుమ అరకు వంటి లోయలు ఉన్నాయి. కొన్ని శిఖరాలు 1,600 మీటర్లు దాటుతాయి. రాష్ట్రంలోని అత్యంత ఎత్తైన శిఖరాలు ఈ ప్రాంతంలోనివే. శీతాకాలంలో చింతపల్లి మండలంలోని లంబసింగి వద్ద ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరువగా పడిపోతుంది.

ఇక్కడ కురిసిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వాలున పడిన నీరు శారద, వరాహ, తాండవ, గోస్తని నదులుగా మైదానానికి దిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా ప్రవహించి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం వద్ద సముద్రాన్ని చేరుతుంది. విశాఖ నగరపు తాగునీటి వనరులలో తాటిపూడి ఒకటి. పడమటి వైపు మాచ్‌ఖండ్ నది ఉత్తరానికి ప్రవహించి కొంతమేర ఆంధ్ర, ఒడిశాల మధ్య సరిహద్దుగా నిలుస్తుంది. ఆపై దక్షిణానికి మళ్ళి సీలేరు పేరుతో శబరిలోను, శబరి ద్వారా గోదావరిలోను కలుస్తుంది. మాచ్‌ఖండ్ మీద రెండు రాష్ట్రాల ఉమ్మడి జలవిద్యుత్ కేంద్రం 1955లో ప్రారంభమైంది.

విశాఖపట్నం నుంచి పాడేరుకు ఘాట్ రోడ్డు మీదుగా దూరం సుమారు 110 కిలోమీటర్లు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960లలో నిర్మించిన కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం అనంతగిరి, అరకు మీదుగా సాగుతుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి మన్యాన్ని పొడవునా కలుపుతుంది. అయితే ప్రధాన రహదారికి దూరంగా, కొండ వాలులలో పదీ ఇరవై ఇళ్ళతో ఉండే గ్రామాలు అనేకం. రోడ్డు లేని చోట రోగులను, గర్భిణులను నేటికీ డోలీలో మోసుకొని రావలసివస్తోంది. ఆసుపత్రికి ఎంత దూరమో తహసీల్దారు కార్యాలయానికీ, కోర్టుకూ అంతే దూరం. వాయిదాకు హాజరు కావాలంటే ఒక రోజు కూలి పోతుంది. కొన్ని గ్రామాల వారికి రెండు రోజులు పడుతుంది.

ప్రజలు, భాషలు, జీవనాధారం

భగత, కొండదొర, వాల్మీకి, కోటియ, ఖోండు, పోర్జ, గదబ, కమ్మర, నూకదొర, ముఖదొర మొదలైన తెగల ప్రజలు ఇక్కడ నివసిస్తున్నారు. వీరిలో ఖోండు, పోర్జ, గదబ వర్గాలను ప్రభుత్వం ప్రత్యేకించి వెనుకబడిన ఆదిమ తెగలుగా గుర్తించింది. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి, గదబ వంటి భాషలు వాడుకలో ఉన్నాయి. ఒడిశా సరిహద్దు మండలాల సంతలలో ఆదివాసీ ఒడియా ఉమ్మడి భాషగా పనిచేస్తుంది.

పల్లపు భూములలో వరి, మెట్ట భూములలో చోడి, సామ, వలిసె, రాజ్‌మా, పసుపు పండిస్తారు. కొండ వాలులలో పోడు సాగు తరతరాలుగా ఉంది. నీడనిచ్చే చెట్ల కింద కాఫీ, ఆ చెట్లకు పాకించిన మిరియాలు ఇప్పుడు ముఖ్యమైన ఆదాయ వనరులు. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అటవీ ఫలసాయాన్ని కొనుగోలు చేసేందుకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలో ఉంది. కాఫీ మొక్క కాపుకు రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఆ కాలమంతా భూమి తన చేతిలో ఉంటుందన్న భరోసా రైతుకు అవసరం. అందువల్ల ఇక్కడ పంట ప్రశ్న చివరకు పట్టా ప్రశ్నగా మారుతుంది.

ఏజెన్సీ పాలన పుట్టుక

1830 దశకంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలలో వరుస తిరుగుబాట్లు చెలరేగాయి. వాటిని అణచివేసిన తరువాత ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1839లో 24వ నంబరు చట్టాన్ని తెచ్చింది. ఈ చట్టం కొండ ప్రాంతాలను సాధారణ సివిల్, క్రిమినల్ కోర్టుల పరిధి నుంచి తొలగించి, జిల్లా కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించి ఆయనకే న్యాయాధికారాలను అప్పగించింది. ‘ఏజెన్సీ’ అన్న పేరు ఆ పదవి నుంచే వచ్చింది. 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టం ఈ ప్రత్యేక విధానాన్ని కొనసాగించింది.

క్షేత్రస్థాయిలో శిస్తు వసూలు, తగవుల పరిష్కారం ముఠాదారుల చేతిలో ఉండేవి. కొన్ని గ్రామాల సముదాయాన్ని ముఠా అనేవారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుకు, అటవీ ఫలసాయానికి ఆంక్షలు విధించింది. రోడ్ల పనులలో వెట్టి, కొత్త ఆంక్షలు, కింది అధికారుల ఆగడాలు 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో సాగిన మన్యం పోరాటానికి దారితీశాయి. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. 1924 మే 7న కొయ్యూరు సమీపంలో సీతారామరాజును కాల్చి చంపారు. జిల్లాకు ఆయన పేరు పెట్టడానికి ఈ చరిత్రే కారణం.

గిరిజనుల భూములు వడ్డీ వ్యాపారుల పాలవుతున్నాయని గుర్తించిన మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ భూముల బదిలీని నియంత్రిస్తూ చట్టం చేసింది. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగంలోని అయిదవ షెడ్యూలు కిందకు మన్యం వచ్చింది. ఈ షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల శాంతి, సుపరిపాలనల కోసం నిబంధనలు చేసే అధికారం గవర్నరుకు ఉంటుంది. ముఠాదారీ విధానాన్ని 1969 నాటి నిబంధన రద్దు చేసి, భూములను రైత్వారీ పద్ధతిలోకి మార్చింది.

కలెక్టరే న్యాయాధికారి

మన్యంలో నేరాల విచారణ ఇతర ప్రాంతాలలో వలెనే మెజిస్ట్రేటు, సెషన్స్ కోర్టులలో సాగుతుంది. సివిల్ వివాదాల దారి వేరు. 1924లో రూపొందించిన ఏజెన్సీ నిబంధనల కింద రెవెన్యూ అధికారులే అంచెలవారీగా న్యాయస్థానాలుగా వ్యవహరిస్తారు. ఈ వరుసలో పైన ఉండేది ప్రభుత్వ ఏజెంటు, అంటే జిల్లా కలెక్టరు. సివిల్ ప్రక్రియా స్మృతి మొదటి సెక్షన్‌లోనే ఈ మినహాయింపు కనిపిస్తుంది. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, విశాఖపట్నం ఏజెన్సీలలో అమలులో ఉన్న ప్రత్యేక నిబంధనలకు భంగం కలగకుండా మాత్రమే స్మృతి వర్తిస్తుందని అక్కడ పేర్కొన్నారు.

ఈ విధానంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరు చేయాలని రాజ్యాంగం 50వ అధికరణం నిర్దేశిస్తోంది. భూమి రికార్డును రాసే యంత్రాంగమే ఆ రికార్డు మీద తగవును తీర్చడం ఈ సూత్రానికి పొసగదన్నది ఒక వాదన. పైగా కలెక్టరుకు, ఆయన కింది అధికారులకు సమీక్షలు, విపత్తులు, ఎన్నికల విధులు ఉంటాయి. విచారణలు వాయిదా పడడానికి అవి కారణమవుతాయి. సాధారణ కోర్టుల ఖర్చు, జటిలమైన ప్రక్రియ, న్యాయవాదులపై ఆధారపడవలసిన స్థితి నుంచి గిరిజనుడిని కాపాడేది ఈ విధానమేనన్నది రెండవ వాదన. ఫిర్యాదు లేకపోయినా అధికారి స్వయంగా విచారణ చేపట్టగలగడం దీనిలోని ప్రధాన రక్షణ.

భూమి కేసు నడిచే తీరు

మన్యంలో అందరి నోటా వినిపించే చట్టం ‘వన్ ఆఫ్ సెవెంటీ’. 1959 నాటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నిబంధనను 1970లో ఒకటవ నంబరు నిబంధన ద్వారా సవరించడంతో ఈ పేరు స్థిరపడింది. దీనిలోని అంశాలు స్పష్టంగా ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనులకు, లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు తప్ప ఇతరులకు బదిలీ చేయడం చెల్లదు. అమ్మేవారు గిరిజనులైనా, గిరిజనేతరులైనా ఇదే వర్తిస్తుంది. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించవలసిన బాధ్యత స్వాధీనంలో ఉన్నవారిదే. భూమి అమ్మదలచిన వ్యక్తికి గిరిజన కొనుగోలుదారు దొరకని పక్షంలో, ఏజెంటుకు దరఖాస్తు చేస్తే ప్రభుత్వమే పరిహారం చెల్లించి దానిని తీసుకోవచ్చు. ఈ సవరణ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో తీర్పు చెప్పింది.

కేసు మూడు విధాలుగా మొదలు కావచ్చు. భూమిపై ఆసక్తి ఉన్నవారు దరఖాస్తు చేయవచ్చు. ప్రభుత్వోద్యోగి రాతపూర్వకంగా సమాచారం ఇవ్వవచ్చు. అధికారి స్వయంగా చేపట్టవచ్చు. మొదటి విచారణ సాధారణంగా గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు ఎదుట జరుగుతుంది. బదిలీ చెల్లదని తేలితే ఆక్రమణదారును ఖాళీ చేయించి భూమిని అసలు హక్కుదారుకు గాని, వారి వారసులకు గాని అప్పగించాలి. ఆ ఉత్తర్వుపై ఏజెంటుకు అప్పీలు ఉంటుంది. ఆపై ప్రభుత్వానికి పునఃపరిశీలన దరఖాస్తు, హైకోర్టులో రిట్ పిటిషన్ దారులు ఉన్నాయి.

చట్టం ఎంత గట్టిదైనా దానిని దాటే మార్గాలూ పుట్టుకొచ్చాయి. గిరిజనుడి పేరు మీద పట్టా ఉంచి, వ్యాపారం వేరొకరు నడిపే బినామీ పద్ధతి వాటిలో ఒకటి. తెల్ల కాగితం ఒప్పందాలు, అప్పు కింద భూమిని అనుభవంలో పెట్టడం మరికొన్ని. పర్యాటకం పెరిగిన అరకు వంటి చోట్ల రోడ్డు పక్క భూమికి గిరాకీ హెచ్చడంతో ఈ సమస్య తీవ్రమైంది. ఉత్తర్వు వెలువడిన తరువాత కూడా భూమి నిజంగా చేతికి రావాలంటే సర్వే జరగాలి, హద్దులు చూపాలి, అడంగల్‌లో పేరు మారాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఆగినా గెలిచిన కేసు కాగితానికే పరిమితమవుతుంది.

సమతా తీర్పు

అనంతగిరి మండలంలోని బొర్రా పంచాయతీ గ్రామాలలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజుల మీద ‘సమతా’ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్ళింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు వెలువరించింది. భూబదిలీ నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న మాటలో రాష్ట్ర ప్రభుత్వం కూడా చేరుతుందని, అందువల్ల షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని తేల్చింది. ప్రభుత్వ రంగ సంస్థలు, గిరిజన సహకార సంఘాలు గనులు నిర్వహించవచ్చని, లాభంలో కనీసం 20 శాతాన్ని స్థానిక అభివృద్ధికి కేటాయించాలని సూచించింది.

ఒక మండలంలో మొదలైన వివాదం దేశవ్యాప్తంగా షెడ్యూల్డు ప్రాంతాల గనుల చర్చకు ప్రాతిపదిక అయింది. చింతపల్లి ప్రాంతంలో బాక్సైట్ తవ్వకాల కోసం అటవీ భూమిని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు మళ్ళిస్తూ 2015లో వెలువడిన ఉత్తర్వు తీవ్ర నిరసనలకు దారితీసింది. ఆ ఉత్తర్వును 2019లో రద్దు చేశారు.

గ్రామసభ, పంచాయతీ

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ షెడ్యూల్డు ప్రాంతాలకు నేరుగా వర్తించలేదు. వాటికోసం పార్లమెంటు 1996లో ప్రత్యేక చట్టం చేసింది. సంక్షిప్తంగా దీనిని ‘పెసా’ అంటారు. ఆంధ్రప్రదేశ్ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని ఇందుకు అనుగుణంగా సవరించింది. అమలు నిబంధనలు 2011లో వచ్చాయి. షెడ్యూల్డు ప్రాంతాలలోని పంచాయతీ అధ్యక్ష పదవులన్నీ షెడ్యూల్డు తెగలకే రిజర్వు అయ్యాయి.

పెసా కింద గ్రామమంటే తన వ్యవహారాలను తన ఆచారం ప్రకారం నడుపుకునే ఒక ఆవాసం లేదా ఆవాసాల సముదాయం. దాని ఓటర్లందరూ గ్రామసభ సభ్యులు. భూసేకరణకు ముందు సంప్రదింపులు, చిన్న తరహా ఖనిజాల లీజుకు సిఫారసు, చిన్న తరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం, సంతల నిర్వహణ, వడ్డీ వ్యాపార నియంత్రణ వంటి అంశాలలో గ్రామసభకు లేదా పంచాయతీకి అధికారం ఉంది. ఆచార పద్ధతిలో తగవులు పరిష్కరించుకునే హక్కును కూడా ఈ చట్టం గుర్తించింది. ఊరి పెద్దల ఎదుట తీరే పెళ్ళి ఖర్చుల తగవు, గట్టు తగవు, పశువుల మేత తగవు దీని పరిధిలోకి వస్తాయి. ఏజెంటు కోర్టుకు చేరకముందే ఎన్నో వివాదాలు ఇక్కడే ముగుస్తాయి.

2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా గ్రామసభనే మొదటి మెట్టుగా నిలిపింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమిపై గిరిజన కుటుంబం గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కు కోరవచ్చు. దరఖాస్తును గ్రామసభ పరిశీలించి తీర్మానిస్తుంది. తరువాత డివిజన్ స్థాయి సంఘం, చివరగా కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి సంఘం నిర్ణయం తీసుకుంటాయి. ఆచరణలో గ్రామసభ బలం దాని హాజరు మీద, తీర్మానాల పుస్తకం మీద ఆధారపడి ఉంటుంది. కొండ మీది ఆవాసాలవారిని పంచాయతీ కేంద్రానికి పిలిచి సంతకాలు తీసుకుంటే చట్టం ఉద్దేశం నెరవేరదు.

కలవని సరిహద్దులు

పాడేరు జిల్లా కేంద్రం కావడంతో కలెక్టరు కార్యాలయం కొండ మీదికి వచ్చింది. గతంలో ఏజెంటు కోర్టులో అప్పీలు కోసం విశాఖపట్నం దిగవలసిన కక్షిదారుకు ఇది పెద్ద ఊరట. అయితే అన్ని వ్యవస్థలూ కలిసి రాలేదు. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జిల్లా పరిషత్తులను విభజించలేదు. విశాఖపట్నం పాత జిల్లా పరిషత్తే మన్యానికీ కొనసాగింది. కొత్త జిల్లాలతో పాటు కొత్త న్యాయ జిల్లాలు కూడా ఏర్పడలేదు. అరకు లోక్‌సభ నియోజకవర్గం పాలకొండ నుంచి రంపచోడవరం వరకు ఏడు శాసనసభ స్థానాలతో మరొక సరిహద్దును అనుసరిస్తుంది.

షెడ్యూల్డు ప్రాంతపు గీత వీటన్నిటికీ భిన్నమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దానికి ఆధారం. కొండల దిగువన మైదాన మండలాలలో ఉన్న కొన్ని గిరిజన గ్రామాలు ఈ గీతకు వెలుపల ఉండిపోయాయి. అక్కడి గిరిజనులకు 1/70 రక్షణ గాని, పెసా గాని వర్తించవు. తమను షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చాలని వారు చాలాకాలంగా కోరుతున్నారు.

భాష మరొక సరిహద్దు. కోర్టులో, కార్యాలయంలో వ్యవహారం తెలుగులో సాగుతుంది. ఇంట్లో కువి లేదా ఆదివాసీ ఒడియా మాట్లాడే వృద్ధులకు నోటీసులోని విషయం మరొకరు చదివి చెప్పాలి. నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం చెప్పినప్పుడు దానిని అతనికి అనువదించి వినిపించాలని నేర ప్రక్రియా చట్టం నిర్దేశిస్తోంది. రెవెన్యూ విచారణలలోనూ ఇటువంటి సాయం అంతే అవసరం.

ఏ పనికి ఎక్కడికి

భూమి రికార్డు, అడంగల్ నకలు, కుల ధ్రువపత్రం వంటి వాటికి గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేయవచ్చు. రికార్డులో సవరణ తహసీల్దారు పరిధిలోనిది. భూమి గిరిజనేతరుల స్వాధీనంలో ఉన్నట్లయితే ప్రత్యేక డిప్యూటీ కలెక్టరుకు 1/70 కింద రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. దానికి పాత శిస్తు రసీదు, పట్టా, సర్వే నంబరు వివరం తోడైతే విచారణ సులువవుతుంది. అటవీ భూమిలో సాగు హక్కు కోసం గ్రామసభ నియమించిన అటవీ హక్కుల సంఘానికి దరఖాస్తు ఇవ్వాలి. కాఫీ, మిరియాలు, సాగు సాయం, వసతి గృహాల వంటి విషయాలకు పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ బాధ్యత వహిస్తుంది.

న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలకు చెందిన ప్రతి ఒక్కరూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. కేసు వేయడానికీ, తమపై వచ్చిన కేసును ఎదుర్కోవడానికీ ఈ సహాయం లభిస్తుంది. దరఖాస్తు రాయలేనివారు తమ విషయాన్ని నోటిమాటగా చెప్పి, న్యాయ సేవల సంస్థ సిబ్బంది చేత రాయించుకోవచ్చు. 1/70 కేసులో ఉత్తర్వు అందుకున్న రోజు నుంచి అప్పీలు గడువు లెక్కలోకి వస్తుంది. కనుక ఉత్తర్వు ప్రతిని తేదీతో సహా భద్రపరచుకోవడం, గడువు లోపలే న్యాయ సహాయం కోరడం కక్షిదారులకు అత్యవసరం.